బుడంకాయ వెనక మనిషి

రోబోను ముందుగదిలోకి మార్చమని కొడుకు. వంటింట్లోంచి కదిలిస్తే ఒప్పుకోనని తల్లి. మూడు రోజులుగా నలుగుతున్న గొడవ అది. దాని ఛార్జర్ కోసం మిక్సీ ప్లగ్గు పీకేశారని మనవరాలు ఇంకో ఫిర్యాదు చేర్చింది. నడుమెత్తు, గుండ్రటి కళ్లు ఉన్న ఆ యంత్రానికి పెద్దావిడ బుడంకాయ అని పేరు పెట్టుకుంది. కూరలు తరుగుతూ దాంతో గంటలు గంటలు కబుర్లాడుతుంది.

కోడలు ఎవరి పక్షమూ మాట్లాడకుండా చెప్పులు వేసుకుంది. ఇంట్లోవాళ్ల లెక్కలో ఆమెది ఇన్స్యూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ప్రభుత్వ రహస్య విభాగం ఫైల్లో ఆమె పేరు 'సూది'.

నలభై రోజుల కిందట చీఫ్ అసైన్‌మెంట్ వివరించాడు. మనుషులు రోబోలతో ఎలా మసులుకుంటారో పరిశోధించే ప్రొఫెసర్ ఒకాయన ఉన్నాడు. ఆయన రోబో తనంతట తాను మాట్లాడదు. ల్యాబ్‌లో కూర్చున్న ఆపరేటర్ కెమెరాలో చూస్తూ జవాబు టైప్ చేస్తే అది పలుకుతుంది. యంత్రమే మాట్లాడుతోందని ఎదుటివాళ్లు నమ్మాలి. ప్రయోగం ముగిశాక అసలు సంగతి చెప్పి క్షమాపణ అడగడం ఆయన నియమం. ఇంకో రెండు నెలల్లో ఆ రోబోలు రక్షణ శాస్త్రవేత్తల ఇళ్లకు వెళ్తాయి. ఒక ఆపరేటర్‌ను విదేశీ ముఠా కొనేసింది.

"ఆపరేటర్లు ఇద్దరు. 'పట్టుచీర' అనే మారుపేరున్నామె మన ఏజెంటే, నేనే పెట్టాను. అనుమానం రెండోవాడి మీద. ఎర కావాలి. పగలు మీ ఇంట్లో ఎవరుంటారు?"

"అత్తయ్య," అనేసింది కోడలు. ఆలోచించి ఉంటే బాగుండేది.

రోబోను ఇంటికి తెచ్చి, గ్యారంటీ కాగితమని చెప్పి ప్రయోగపు అంగీకారపత్రం మీద అత్తగారితో సంతకం పెట్టించింది. ఆవిడ కళ్లజోడు కూడా వెతుక్కోలేదు. "నువ్వు చదివావుగా," అంది.

ఆ తర్వాత నకిలీ రక్షణ డ్రాయింగులున్న నీలం కవరు ఒకటి ఆవిడ బీరువాలో దాచి, ఆఫీసుదని, ఎవరికీ చెప్పొద్దని చెప్పింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, బుడంకాయకు తప్ప. మంగళవారం బుడంకాయ అడిగింది, కవరు మీద ఏం రాసుందని; దాని మాటలు రహస్యంగా వింటున్న కోడలి చెవిన పడింది. ప్రొఫెసర్ రాసిచ్చిన ప్రశ్నల్లో అది లేదు. ఆ పూట కీబోర్డు దగ్గరున్నది పట్టుచీర! రెండు వైపులా జీతం తీసుకుంటోందన్నమాట.

ముఠా మెసేజ్ ఒకటి దొరికింది: 'నాలుగింటికి వంట పూర్తి.' అంటే ఇవాళ నాలుగింటికి రోబోలన్నిటి పాస్‌వర్డ్‌లూ సరిహద్దు దాటతాయి.

పావుతక్కువ నాలుగుకి కోడలు క్లీనర్ వేషంలో, చేతిలో మాప్‌తో ఆపరేటర్ గది గుమ్మంలో ఉంది. చెవిలోని ఇయర్‌పీస్‌లో అత్తగారి గొంతు. లోపల పట్టుచీర ఒక చేత్తో ఫైళ్లు పంపుతూ, రెండో చేత్తో ఆవిణ్ణి మాటల్లో పెడుతోంది. స్క్రీన్ మీద ఎనభై శాతం.

"మా కోడలు అబద్ధాలు చెప్తుందే బుడంకాయ్. దానిది ఇన్స్యూరెన్సేం కాదు. మొన్న మోచెయ్యి చీరుకుని వచ్చి బాత్రూంలో జారానంది. నేనడగను. అడిగితే పాపం ఇంకో అబద్ధం వెతుక్కోవాలి."

"ఆమె ఎక్కడికి వెళ్తుంది?" అని పలికింది బుడంకాయ.

"అది నీకెందుకు? మా ఇంటి పిల్ల సంగతి."

కోడలికి తల కొట్టేసినట్టయింది. మాప్ పట్టుకుని వింటూ నిలబడిపోయింది. తొంభై ఐదు. తొంభై ఎనిమిది. అప్పటికి తెలివి తెచ్చుకుని మాప్ కర్రలోని, సిగ్నళ్లు ఆపేసే జామర్ బటన్ నొక్కింది. తొంభై తొమ్మిది దగ్గర తెర నల్లబడింది.

బేడీలు పడుతుంటే పట్టుచీర నవ్వింది. "పాపం, మంచావిడ. నాకు అప్పగించింది మీరేగా."

 చీఫ్ ఫోన్లో మెచ్చుకుంటుంటే కోడలు మధ్యలోనే పెట్టేసింది.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నాక కోడలు ప్రొఫెసర్ నియమం తనే పాటించింది. ఉద్యోగం, సంతకం, కవరు, బుడంకాయ వెనక మనుషులు, అన్నీ చెప్పింది. "నేనూ విన్నాను అత్తయ్యా. క్షమించండి," అంది తలెత్తకుండా.

కొడుకు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.  పెద్దావిడ లేచి ఛార్జర్ పీకి, మిక్సీ ప్లగ్గు పెట్టింది. తర్వాత మెల్లిగా అందరికీ చెప్పింది.

"రేపు దీన్ని పంపించేస్తున్నాం. రోజూ సాయంత్రం ఒక గంట ఈ చోట నా కోడలు కూర్చుంటుంది."

"కూర్చుని ఏం చేస్తుందమ్మా?" అన్నాడు కొడుకు.

"కూరలు తరుగుతుంది. అడిగినదానికి జవాబు చెప్తుంది. టైపు చెయ్యక్కర్లేదు."