తుడిచిన కప్పులు

పేపరు గేటు లోపల పడిన చప్పుడుకి మాస్టారు కుర్చీలోంచి లేచిన వేగం చూస్తే, ఆయనకి మోకాళ్ల నొప్పులున్నాయంటే ఎవరూ నమ్మరు. కళ్లజోడు కోసం ఇల్లంతా వెతకడం, అది నుదుటి మీదే ఉందని భార్య గుర్తుచేయడం, "నాకు తెలుసులే" అని ఆయన విసుక్కోవడం రోజూ ఉండే తంతే. ఆ రోజు మాత్రం ఆయన మొదటి పేజీ వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా పాఠకుల లేఖల పేజీ తీసి, వేలు పెట్టి వెతికి, "వచ్చింది! వచ్చిందే!" అని కేక పెట్టారు.

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న భార్య తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏం వచ్చిందండీ? ఎవరికేమైంది?"

"నా ఉత్తరం! ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా వేశారు."

"ఓస్, అదా! పొద్దున్నే గుండె జారిపోయింది కదా నాకు."

ముప్పై ఏళ్లు బళ్లో భూగోళం చెప్పిన మనిషి ఆయన. ఏ ఊళ్లో ఏ వస్తువు తయారవుతుందో కొన్ని వేల మంది పిల్లల చేత బట్టీ పట్టించారు. రెండేళ్లుగా దేశానికి రోజులు బాగోలేవు. ఫలానా మిల్లు మూతపడిందని వార్త వచ్చినప్పుడల్లా మాస్టారు పాత పాఠ్యపుస్తకం తీసి, పటంలో ఆ ఊరి పక్కనున్న గుర్తుని ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. ఇప్పుడు ఆ పేజీలో ఎరుపే ఎక్కువ. ఆయన దిగులు నటన కాదు, నిజంగానే తిండి సయించేది కాదు. కాకపోతే అంత దిగులుకీ ఎవరో ఒకరు బాధ్యులు దొరకాలి కదా! ఒక వారం మంత్రుల్ని, ఒక వారం బ్యాంకుల్ని, మరో వారం కుర్రకారుని ఉత్తరాల్లో ఉతికి ఆరేసేవారు. ఈ వారం కార్మికుల వంతు వచ్చింది.

"విను," అని గొంతు సవరించుకున్నారు. "'నాకు తెలిసిన ఒక పింగాణీ కర్మాగారంలో కార్మికులు తుడిచిన కప్పులనే మళ్లీ మళ్లీ తుడుస్తూ, సాయంత్రం దాకా కాలక్షేపం చేసి జీతాలు పట్టుకెళుతున్నారు. ఇందరు పనిదొంగలను మోస్తున్న దేశం కుంగిపోక ఏమవుతుంది?' ఎలా ఉంది? ఈ వాక్యం నాలుగుసార్లు తిరగరాశాను తెలుసా!"

భార్య ముఖంలో నవ్వు తగ్గింది. "ఇది మొన్న భోజనాల దగ్గర అమ్మాయి చెప్పిన సంగతి కదండీ?"

"అయితే? పేరు రాశానా, ఊరు రాశానా?"

"దాన్ని ఒక్క మాట అడగాల్సింది."

"బాగుంది! దేశం మునిగిపోతుంటే, అరవనా వద్దా అని ఇంట్లోవాళ్లని అడగాలి కాబోలు!"

కూతురు అప్పటికే పొద్దుటి షిఫ్టుకి వెళ్లిపోయింది. ఇంటికి ఒక్కతే సంతానం. ఆ పింగాణీ ఫ్యాక్టరీలో కప్పులకి రంగులు వేసే సెక్షన్‌కి సూపర్‌వైజర్. మాస్టారు ఆ ఉత్తరాన్ని శ్రద్ధగా కత్తిరించి, ఆమె చూస్తుందని భోజనాల బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత చొక్కా తొడుక్కుని వెళ్లి, పరిచయస్తులకి ఇవ్వడానికి ఇంకో మూడు పేపర్లు కొనుక్కొచ్చారు.

అయిదు గంటలకి రావలసిన పిల్ల రెండింటికే వచ్చింది. చెప్పులు విప్పకుండా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ కాగితం ముక్కని చూసింది కానీ చేత్తో తాకలేదు.

"చదివావా తల్లీ?" అన్నారు మాస్టారు ఉత్సాహంగా.

"చదివాను నాన్నా. మా నోటీసు బోర్డు మీద అంటించారు. మేనేజర్ గారు అందరినీ పిలిచి పైకి చదివి మరీ వినిపించారు."

"చూశావా! నోటీసు బోర్డుకెక్కిందటే!" అని భార్య వైపు తిరిగారాయన.

"ఊరుకోండి," అంది భార్య. ఆమె కూతురి ముఖం చూసింది. "ఏం జరిగిందే?"

"పదకొండు మందినీ తీసేశారమ్మా. నా సెక్షన్‌లో ఆడవాళ్లందరినీ. రేపట్నుంచి రావద్దన్నారు."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "ఒక ఉత్తరానికే తీసేస్తారా? ఏదో కారణం ఉండే ఉంటుంది," అన్నారు.

"కారణం నేనే చెప్పాను కదా నాన్నా, ఈ బల్ల దగ్గర కూర్చుని! ఆర్డర్లు లేవు. పని లేదని తెలిస్తే ఆ పూటే సెక్షన్ మూసేస్తారు. వచ్చే నెలలో ఒక పెద్ద ఆర్డరుందని ఆశ. అప్పటిదాకా పని నడుస్తున్నట్టు కనపడాలని నేనే వాళ్లని తుడిచిన కప్పులు మళ్లీ తుడవమన్నాను. వాళ్లు సిగ్గుతో చచ్చిపోయేవారు. ఇంత చెప్పాను. మీకు ఆ కప్పులొక్కటే వినపడ్డాయా?"

"నేను దేశం బాగు కోసం రాశానే గానీ..."

"ఉత్తరం కింద మీ పేరు చూసి, మేనేజర్ గారు పేపరు పట్టుకుని సరాసరి గోడౌన్‌కి వెళ్లి లెక్క చూశారు. అవే కప్పులు. నన్ను మాత్రం ఉంచారు, ఆర్డరొస్తే మరొకర్ని వెతుక్కోవడం కష్టమని. ఇప్పుడు వాళ్లేమనుకుంటారు? నా ఉద్యోగం కాపాడుకోవడానికి నేనే కబురు మోసి, మా నాన్న చేత రాయించానని అనుకోరా? ఒకావిడ అడిగేసింది కూడా."

"నీకు చెడు జరగాలని రాస్తానటమ్మా?"

"మీకు వాళ్ల మీద కోపం దేనికి నాన్నా? నాలుగేళ్లుగా రోజూ రాత్రి వాళ్ల సంగతులే చెబుతున్నాను. పదకొండు మందిలో ఒక్కరి గురించి చెప్పండి. ఒక్కరి గురించి చాలు."

మాస్టారు నోరు తెరిచారు. రెండేళ్ల కిందట మూతపడిన మిల్లు తేదీ అడిగితే ఠక్కున చెప్పే మనిషి, గోడ వైపు చూస్తూ ఉండిపోయారు. ఒక్కరూ గుర్తుకు రాలేదు.

"కప్పులకి బంగారు అంచు గీసే ఆవిడ," అంది భార్య మెల్లగా. "అంచుల అక్క అంటారు. మొగుడికి చూపు లేదు. తర్వాత, కవల పిల్లల తల్లి ఒకామె. ఇంకొకామె కొత్తగా పెళ్లయిన పిల్ల, నవ్వితే ఆగదు. తమ్ముణ్ని చదివిస్తున్న అమ్మాయి..." పదకొండు మందినీ వరసగా చెప్పింది. అదే బల్ల, అదే భోజనం. ఆవిడ కూడా అక్కడే కూర్చుని, అవే మాటలు విన్నది. మాస్టారికి చెంప ఛెళ్లుమన్నట్టయింది.

కూతురు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. ఇదివరకు ఆ పిల్ల అన్నం కలుపుకోవడం మరిచిపోయి కబుర్లు చెప్పేది, తల్లి "ముందు తినవే" అని కసిరేది. ఇప్పుడు తలొంచుకుని నాలుగు ముద్దలు తిని లేచిపోతోంది. "ఇవాళ ఫ్యాక్టరీలో ఏమైందమ్మా?" అని మాస్టారు అడిగితే, "ఏం లేదు నాన్నా," అంటోంది. కోపంగా అన్నా బాగుండేది. జాగ్రత్తగా అంటోంది. సొంత కూతురు తన ముందు మాటలు చూసుకుని మాట్లాడుతోందని తెలిశాక ఆయనకి ముద్ద మింగుడు పడలేదు.

తప్పు దిద్దుకుందామని ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. పేపరుకి ఇంకో ఉత్తరం రాశారు, వెయ్యలేదు. ఫోన్ చేస్తే, "ఆ విషయం పాతబడిపోయింది సార్," అన్నారు. చివరికి మేనేజర్ దగ్గరికే వెళ్లారు. ఆయన కుర్చీ వేసి, టీ తెప్పించి, "వాళ్లని తియ్యడానికి మేమూ మొహమాటపడుతూ వచ్చాం సార్. మీ ఉత్తరంతో ఆ ఇబ్బంది తీరిపోయింది. మీలాంటివాళ్లు పదిమందుంటే దేశం బాగుపడుతుంది," అన్నాడు. మాస్టారు టీ ముట్టకుండా లేచి వచ్చేశారు. దారిలో రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని, ఎవరు చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చారు.

తొమ్మిది రోజులు గడిచాయి. ఆదివారం పొద్దున్న కూతురు సంచీలో తెల్ల కాగితాలు సర్దుకుంటోంది. ఆ పదకొండు మందీ వేరే చోట పని వెతుక్కోవడానికి అర్జీలు రాసిపెట్టడానికి వాళ్ల ఇళ్లకి వెళుతోందని తల్లి చెప్పింది.

"నేనూ వస్తాను," అన్నారు మాస్టారు.

"వద్దు నాన్నా. వాళ్లు ఏమన్నా అంటే మీరు పడలేరు."

"పడతాను. పడాల్సిందే కదా."

ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. ఆయన నాలుగడుగులు వెనకగా నడిచారు.

మొదటి ఇల్లు అంచుల అక్కది. ఒక్కటే గది, మంచం మీద భర్త. తలుపు తీసిన ఆవిడ ముందు కూతుర్ని చూసింది, తర్వాత ఆయన్ని చూసింది.

"అమ్మా, ఆ ఉత్తరం రాసింది నేను," అన్నారు మాస్టారు గుమ్మం బయటే నిలబడి. "మా అమ్మాయికి ఏమీ తెలియదు. అది ఇంట్లో చెప్పుకున్న మాటని నేను బజారున పెట్టాను. మీరు పనిదొంగలు కారు. నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

"పద్ధెనిమిదేళ్లు చేశానండీ," అంది ఆవిడ. "ఒక్కరోజు కూడా దొంగ అనిపించుకోలేదు. ఆ మాట మా ఆయనకి ఎవరో చదివి వినిపించారు. అదొక్కటే బాధ." తర్వాత పక్కకి జరిగింది. "లోపలికి రండి. బయట నిలబడితే ఏం లాభం?"

కూతురు కాగితం తీయబోయింది. మాస్టారు చెయ్యి చాపారు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి కాగితం ఆయనకే ఇచ్చింది.

"నాకేమీ తెలియదమ్మా. మీ పని సంగతి మీరే చెప్పండి, అదే రాస్తాను."

ఆవిడ చెప్పింది. అంచు గీసేటప్పుడు ఊపిరి బిగపట్టాలని, ఒక కప్పుకి ఒకటే ఊపిరని, మధ్యలో వదిలితే గీత వణుకుతుందని చెప్పింది. పద్ధెనిమిదేళ్లలో అలా ఎన్ని ఊపిర్లు బిగపట్టిందో తనకే తెలియదని నవ్వింది. మాస్టారు ఒక్క మాట సొంతంగా కలపలేదు. రాసింది చదివి వినిపించారు, ఆవిడ రెండుచోట్ల దిద్దింది. ఆయన బుద్ధిగా దిద్దుకున్నారు.

కాగితం మడిచి కొంగులో కట్టుకుంటూ ఆవిడ అడిగింది, "పేపర్లకి రాస్తారు కదా, మీకు తెలుస్తుంది. ఈ రోజులు మారతాయంటారా సార్? దేశం బాగుపడుతుందా?"

వారానికో ఉత్తరం చొప్పున ఆ ప్రశ్నకి జవాబు రాసిన మనిషి తల వంచుకున్నారు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"తెలీదమ్మా. తెలిసినట్టు రాశాను ఇన్నాళ్లూ."

కూతురు లేచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"లేవండి నాన్నా," అంది. "ఇంకా పది ఇళ్లున్నాయి."