పై వాటా విమానం

తలుపు తీసిన విహారికి ముందు కనిపించినవి చెప్పులు. మగవాళ్ల తోలు చెప్పులు, పదో నంబరువి. కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి. వాటి వెనక ఒక అమ్మాయి నిలబడి ఉంది.

అలాంటప్పుడు ఎవరైనా ఏమనుకుంటారు? విహారి కూడా అదే అనుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆ కూత మీదేనా?" అంది అమ్మాయి.

"నాది కాదండీ. విమానంది."

ఆమె అతని భుజం మీదుగా గదిలోకి తొంగి చూసింది. మంచాన్ని గోడకి నిలబెట్టేసి, ఆ జాగాలో పెద్ద బల్ల వేశాడు. బల్ల మీద మూడు మానిటర్లు, అంచుకి బిగించిన యోక్, అంటే విమానాన్ని తిప్పే స్టీరింగు. తెర మీద శంషాబాద్ రన్‌వే దగ్గరపడుతోంది. పక్కనున్న స్పీకరు మాత్రం ఎవరో గిల్లి వదిలేసిన పసిపిల్లాడిలా ఆగకుండా ఏడుస్తోంది.

"పొద్దుట్నించి పదకొండుసార్లండీ. లెక్కపెట్టాను," అంది. "కింది వాటాలో రికార్డింగ్ చేసుకుంటున్నాను. హీరో మెట్లు దిగుతుంటే వెనక మీ విమానం ఏడుస్తోంది."

"రికార్డింగా? చెప్పులతోనా?"

"చెప్పులతోనే. షూటింగులో వచ్చిన అడుగుల చప్పుడు సినిమాకి పనికిరాదు. మళ్లీ నడిచి, రికార్డు చేసి అతికించాలి. హీరో నడకా నాదే, విలన్ నడకా నాదే." అప్పుడు తన చేతుల వంక చూసుకుంది. "వీటితో కొడతాననుకున్నారా?"

"అయ్యో, లేదండీ."

"అబద్ధం. రెండడుగులు వెనక్కేశారు. నాకు అడుగులు బాగా వినపడతాయి."

ఆ అమ్మాయి పేరు ప్రజ్ఞ. ఇల్లు మోతీనగర్‌లో. ఫిల్మ్‌నగర్‌లోని ఈ మేడ మొదటి అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకుని, గోడలకి పరుపులు కొట్టించి, పొద్దున తొమ్మిదింటికి వచ్చి సాయంత్రం ఏడింటికి వెళ్లిపోతుంది. వచ్చి వారమే అయింది.

"హెడ్‌ఫోన్స్ పెట్టుకోకూడదా?"

"పెట్టుకుంటనండీ. అందులో కంట్రోల్ టవరోళ్లు మాట్లాడుతరు. ఈ వార్నింగ్ స్పీకర్ల రావాలె, అసలు విమానంల వచ్చినట్టు. ఆటోపైలట్ తీసేసి చేత్తోని నడపబోతే ఇది మోగుతది."

"ఎంతసేపు?"

"అసలు దాంట్లయితే మీట రెండోసారి నొక్కితే ఆగిపోతది. నా దాంట్ల రెండోసారి నొక్కితే ఆటోపైలట్ మళ్లీ ఆనవుతది."

"అయితే?"

"అయితే ఏముందండీ, కిందికి దిగేదాక మోగుతది."

ప్రజ్ఞ అతన్ని ఎగాదిగా చూసింది. "పోనీ రాత్రిళ్లు దింపుకోండి."

"ఎనిమిది దాటితే శేషారత్నంగారు ఊకోరు."

అది నిజమే. ఇంటావిడ శేషారత్నంగారు ఎనిమిదింటికి పడుకుంటారు. ఆ తరవాత గిన్నె కింద పడినా, మర్నాడు పొద్దున్నే పైకొచ్చి ఏ గిన్నో అడుగుతారు.

"కాస్త తగ్గించుకోండి, ప్లీజ్," అని చెప్పి ప్రజ్ఞ దిగిపోయింది. మెట్ల మీద ఆమె అడుగులు అసలు వినపడలేదు. విహారికి అది వింతగా తోచింది.

విహారి కష్టమేంటో ఇక్కడే చెప్పేస్తే మంచిది. అతనికి పైలట్ లైసెన్సుంది, ఉద్యోగం లేదు. ఒక విమాన కంపెనీ సిమ్యులేటర్ మీద, అంటే నేల మీదే ఉండే ఉత్తుత్తి విమానంలో, పెట్టే పరీక్ష రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ఒకే చోట, ఆటోపైలట్ తీసేసి చేత్తో దింపే చోట. మూడోసారి పోతే మళ్లీ రానివ్వరు. ఆ మూడోది పద్నాలుగో తారీఖున, అంటే ఇంకా ఇరవై రెండు రోజులుంది. వెంగళరావు నగర్‌లో ఉండే తండ్రి జానకిరామయ్య లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఈసారీ కాకపోతే ఎర్రగడ్డలో మేనమామ స్టీలు సామాన్ల కొట్లో కూర్చోవాలని తేల్చేశారు. ఆయన తేల్చారంటే తేల్చినట్టే.

ఇంత బరువు నెత్తిన పెట్టుకున్నవాడు ఆ సాయంత్రం ఏం చేశాడో చూడండి. తన కంప్యూటర్లోని సిమ్యులేటర్ ఫోల్డర్లో ఆ వార్నింగ్ సౌండ్ ఫైలు ఎక్కడుందో వెతికి, పేరు మార్చేశాడు. ఇక అది మోగదు. తెర మీద ఎర్ర దీపం వెలుగుతుంది గానీ, చప్పుడుండదు.

మర్నాడు పదిసార్లు దింపాడు. కింద నించి ఎవరూ రాలేదు. మూడో రోజు ప్రజ్ఞే టీ ఫ్లాస్కు పట్టుకుని పైకొచ్చింది.

"థాంక్సండీ. మీ విమానం బుద్ధిమంతురాలైపోయింది."

"చెప్పిన కదా, వింటదని."

"మీరెప్పుడు చెప్పారు?"

"ఇప్పుడు చెప్తున్న."

అలా మొదలైంది. టీ నాలుగింటికి. అతని బల్ల మీది మీటలన్నీ ఆమె ఒక్కొక్కటే రికార్డు చేసుకుంది, ఎప్పటికైనా పనికొస్తాయని. ఒక థ్రిల్లర్లో ముసలి కాపలాదారు నడక కావాలంటే, అదే పదో నంబరు చెప్పులేసుకుని విహారి డాబా మీద నడిచాడు. ప్రజ్ఞ కళ్లు మూసుకుని వింది. "మీరు నడుస్తుంటే ఎవరినో క్షమించమని అడగబోతున్నట్టుంది," అంది. మళ్లీ నడిపించింది. ఏడుసార్లు నడిపించింది. విహారికి ఎనిమిదోసారి కూడా నడవాలనే ఉంది.

వాన పడితే ఆమె పరిగెత్తుకుని పైకొచ్చేది. డాబా మీది రేకుల కింద వాన చప్పుడు బాగుంటుందట. గొడుగు రికార్డరుకి పట్టేది, తను తడిసేది. అతను ఆమెకి గొడుగు పట్టబోతే, "ఊపిరి పీల్చకండి, అది కూడా రికార్డవుతుంది," అనేది. అతను నిజంగానే ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. ఆ అమ్మాయంటే తనకి ఇష్టమని అప్పటికే తెలిసిపోయింది. చెప్పలేదు. చెప్పుకోడానికి చేతిలో ఏముందని?

పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా సృజన్ వచ్చాడు. విహారితో పాటు ట్రెయినింగ్ చేసినవాడు, ఇప్పుడు కో-పైలట్. స్నేహితుడి పనితనం చూద్దామని పక్కన కూర్చున్నాడు. విహారి పైకి లేపాడు, ఆటోపైలట్ పెట్టాడు, మ్యాపు కోసం పక్కకి వంగాడు. వంగినప్పుడు మోచెయ్యి యోక్ మీది మీటకి తగిలింది. ఆటోపైలట్ ఊడిపోయింది. చప్పుడు లేదు. మ్యాపు చూసుకుని తలెత్తేసరికి విమానం ఎడమకి ఒరిగి, ఆరువందల అడుగులు కిందికి జారింది.

"వార్నింగ్ ఏదిరా?" అన్నాడు సృజన్.

"తీసేసిన."

"ఎందుకు?"

"కింద ఒకామె రికార్డింగ్ చేస్కుంటది."

"మంచిగుంది. రేపు ఎగ్జామ్‌ల గూడ విమానం కింద ఆమెనే ఉంటదా?"

విహారి నవ్వబోయి, సృజన్ వెనక గుమ్మంలో ప్రజ్ఞని చూశాడు. బయట చినుకులు మొదలయ్యాయి. చేతిలో రికార్డరుంది, గొడుగుంది.

"ఏది తీసేశారు?" అంది.

ఆమె ఎవరో సృజన్‌కి తెలియదు. అడిగింది కదా అని మొత్తం విప్పి చెప్పాడు. పరీక్ష సంగతి, రెండుసార్లు పోయిన సంగతి, స్టీలు కొట్టు సంగతి కూడా. మంచి మనసుతోనే చెప్పాడు.

ప్రజ్ఞ అంతా విని విహారి వైపు తిరిగింది. "నేను తగ్గించమన్నాను. తీసేయమన్నానా?"

"మీ పని ఖరాబవుతదని..."

"మరి మీ పని? మీరు ఈ పరీక్ష పోగొట్టుకుంటే రోజూ ఆ కొట్లో కూర్చుని నన్నే తలుచుకుంటారు. అలా తలుచుకోవడం నాకొద్దు. ఒక్క మాట అడిగితే ఇద్దరం కూర్చుని ఏదో చేసుకునేవాళ్లం కదండీ. అడక్కుండా త్యాగాలు చేస్తే ఎవరికి సుఖం?"

వాన రికార్డు చేయకుండానే వెళ్లిపోయింది.

"ఈమేనా కింద ఆమె?" అన్నాడు సృజన్.

"ఈమే."

"సారీ రా."

విహారి ఆ రాత్రే ఫైలుకి మళ్లీ పాత పేరు పెట్టేశాడు. పరీక్ష పోతుందేమోనన్న భయం ఎప్పట్నించో అలవాటే. నాలుగింటికి టీ ఫ్లాస్కు రాదేమోనన్న భయం మాత్రం కొత్తది, అదే పెద్దది.

రెండు రోజులు ఫ్లాస్కు రాలేదు. మూడో రోజు పొద్దున్నే ప్రజ్ఞ వచ్చింది. చేతిలో ఒక ఎర్ర బల్బు, వైరు చుట్ట. వెనక ఎలక్ట్రీషియన్.

"మా స్టూడియోల్లో రికార్డింగ్ నడుస్తుంటే తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతుంది," అంది. "అప్పుడు ఎంత పెద్ద ప్రొడ్యూసరైనా బయట నిలబడాల్సిందే. ఈ బల్బు మీ గదిలో, దీని స్విచ్చి నా గదిలో. వెలుగుతుంటే మీరు గాల్లో తిరగండి. ఆరితే దిగండి, ఎంత మోగినా సరే. నేను అప్పుడు ఎడిటింగ్ చేసుకుంటాను."

"కోపం పోయిందా?"

"పోలేదు. ముందు పని." కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. "రెండోసారి నొక్కితే ఎందుకు ఆగట్లేదో చూపించండి. చప్పుడు ఆగకపోతే ఎక్కడో తప్పుందన్నమాటే."

విహారి మీటల జాబితా తెరిచాడు. ఏ మీట ఏ పని చేయాలో అందులో ఉంటుంది. ప్రజ్ఞ ఒక్కొక్క పేరే వేలితో చూపిస్తూ చదివింది.

"మీ మీటకి ఆటోపైలట్ టాగుల్ అని పెట్టుకున్నారు. అంటే ఒకసారి ఆఫ్, ఇంకోసారి ఆన్. దాని కింద ఇంకొకటుంది చూడండి, ఆటోపైలట్ డిస్‌కనెక్ట్. అది కాదూ మీకు కావల్సింది?"

విహారి తెర వంక చూశాడు. రెండేళ్లుగా ఆ జాబితా అక్కడే ఉంది. లైసెన్సున్న పైలట్ ఒక్క గీత కిందికి చూడలేదు. మార్చి, విమానాన్ని లేపి, మీట నొక్కాడు. కూత మొదలైంది. రెండోసారి నొక్కాడు. ఆగిపోయింది. విమానం అతని చేతిలోనే నిలకడగా పోతోంది.

గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది.

"మీరు మొన్న చేసింది సౌండ్ ట్రాక్ మొత్తం ఎత్తేయడం," అంది ప్రజ్ఞ. "ఇది సరైన చోట కట్ చేయడం. అసలు అది ఎందుకు మోగుతుంది?"

"విమానం ఇప్పుడు నీ చేతుల ఉంది, తెలుసా అని అడుగుతది. రెండోసారి నొక్కితే తెలుసు అని చెప్పినట్టు."

"మంచి సౌండే పాపం. నేనే తిట్టాను," అంది. ఆ రోజు నాలుగింటికి ఫ్లాస్కు వచ్చింది.

పరీక్షకి మిగిలిన ఆరు రోజుల్లో విహారి నూట పదిసార్లు దింపాడు. శేషారత్నంగారు ఒకసారి పైకొచ్చి, "ఏవయ్యా, ఇంకా ఎన్నాళ్లు దిగుతావు?" అని మాత్రం అడిగారు.

పద్నాలుగో తారీఖు వచ్చింది, పరీక్ష అయింది. మధ్యాహ్నం మూడింటికి విహారి తిన్నగా జూబ్లీహిల్స్‌లోని మిక్సింగ్ స్టూడియోకి వెళ్లాడు. ప్రజ్ఞ సినిమాకి ఆ రోజు, చప్పుళ్లన్నీ ఒకచోట కలిపే ఆఖరి మిక్సింగ్. ఫోన్ చేస్తే మెట్ల మీదకి వచ్చింది.

"ఎలా అయింది?"

"మధ్యల ఎగ్జామినరు చెప్పకుండ ఆటోపైలట్ తీసేసిండు. మోగింది. ఆపిన. దించిన."

"బాగా దించారా?"

"నాకు తెలిసినంత మంచిగనే దించిన. రిజల్ట్ రేపొస్తది." తెల్లచొక్కా మడతలు సరిచేసుకున్నాడు. "మీతోని ఒక మాట చెప్పాలె."

"లోపల నా కోసం ఆగారండీ. రేపు చెప్పకూడదా?"

"రేపైతే కుదరదు. రేపు పాసయితే ఉద్యోగం చూస్కొని ధైర్యం తెచ్చుకున్నడనుకుంటరు. పోతే నేను అసలే నోరు తెరవలేను. అడిగితే ఇయ్యాలనే అడగాలె." ఒక మెట్టు ఎక్కి ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. "నాకు మీరంటే చాన ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటరా?"

ప్రజ్ఞ ఫోన్ తీసింది. క్యాబ్ బుక్ చేసి తనని ఇంటికి పంపించేస్తుందనుకున్నాడు విహారి. ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"నాన్నా, పనిలో ఉన్నావా? ఏం లేదు, ఒకబ్బాయి నన్ను పెళ్లి చేసుకుంటానంటున్నాడు. పేరు విహారి. నా రికార్డింగ్ గదికి పై వాటా. ఉద్యోగమా? వచ్చిందో లేదో రేపు తెలుస్తుంది. లేదు నాన్నా, రేపటిదాకా ఆగక్కర్లేదు. నాకు ఇష్టమే. అది రేపు వచ్చే కబురుతో మారేది కాదు."

విహారి మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ప్రజ్ఞ ఫోన్ అతనికిచ్చింది. "సూర్యప్రకాశరావుగారు. మాట తక్కువ, కంగారు పడకండి."

"నమస్తే అండీ."

అవతల ఆయన గొంతు సవరించుకున్నారు. "బాబూ, గుత్తివంకాయ తింటావా?"

"తింటనండీ."

"అయితే ఆదివారం భోజనానికి రా. రేపు ఏ కబురొచ్చినా సరే, రా. అది చూసుకుని మానేస్తే బాగుండదు."

"వస్తనండీ," అన్నాడు విహారి. ప్రజ్ఞ ఫోన్ అందుకుని, ఒక చేత్తో అతని చెయ్యి పట్టుకుని, తండ్రితో మిగతా మాటలు మాట్లాడింది. లోపల మిక్సింగ్ వాళ్లు ఇంకో పావుగంట ఆగారు.

మర్నాడు పదిన్నరకి మెయిల్ వచ్చింది. విహారి పాసయ్యాడు. ఆ కబురు ముందు మోతీనగర్‌లో ప్రజ్ఞ ఇంటికి చేరింది, వెంగళరావు నగర్‌కి తరవాత. ఈ వరస ఎందుకలా అయిందని జానకిరామయ్యగారు నిలదీస్తే, విహారి జరిగిందంతా చెప్పేశాడు.

"ఆదివారం ఎన్ని గంటలకు రమ్మన్నరు?" అన్నారాయన ఫోన్లో. "నేను గూడ వస్త."