ఐసు కబురు వెనకాల

"నా మాటకి అదేనేటి జవాబు?" ఐసు వ్యాను తలుపు దబాలున వేసి అడిగాడు గిరిబాబు.

శైలజ తెల్లబోయింది. "ఏ మాట?"

"'ఐసు బయల్దేరింది. శైలజా, నిన్ను పెళ్లి సేసుకోవాలనుంది, ఏటంటావు?' అని పెట్టాను. నువ్వేటన్నావు? 'ఐసు వివరం నమోదైంది, ధన్యవాదాలు!'"

ఆ జవాబు శైలజది కాదు, ఆమె రాసిన పైథాన్ స్క్రిప్టుది. రేవులో చేపలమ్మే ఆడవాళ్ల వాట్సాప్ నంబరుకి వచ్చే ప్రతి మెసేజ్‌నీ అది ప్యాటర్న్‌లతో వరసగా పోల్చి చూస్తుంది. ఐసా, పడవా, ధరా? ఒకటి సరిపోతే అక్కడే ఆగి జవాబు కొట్టేస్తుంది. ఈ మహానుభావుడేమో ఆమె సొంత నంబరు అడగడానికి మొహమాటపడి, మనసు తెచ్చి ఐసు కబురు వెనకాల పెట్టాడు!

"అది నేను కాదు, స్క్రిప్టు..."

"దానికి మర్యాద నేర్పావు, బుర్ర నేర్పలేదేటి? సాయంత్రం రైలుకి మాయమ్మతో కొత్తవలస ఎల్తన్నాను, పిల్లని సూడ్డానికి."

ఆమె నోరు తెరిచేలోగా వ్యాను కదిలిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఏడుపు దిగమింగి ల్యాప్‌టాప్ తెరిచింది. ఈ స్క్రిప్టు ఇంకా ఏమేం మింగేసిందో తేల్చాల్సిందే అనుకుంది.

పెళ్లి ప్యాటర్న్ రాసి అన్నిటికంటే పైన పెట్టింది. గిరిబాబు మెసేజ్‌ని మళ్లీ నడిపిస్తే, ఈసారి పెళ్లి దొరికింది, ఐసు గల్లంతయింది. వరస మారిస్తే కుదరదు, అసలు ఆగకూడదు. ఈ రేవులో ఒక మెసేజ్‌లో ఒకే సంగతి చెప్పే మనిషెవరు? పడవ రాక, పిల్లాడి జ్వరం, చుట్టాల గొడవ అన్నీ ఒక్క ఊపిరిలో చెబుతారు. ఇక్కడే పుట్టి ఆ సంగతే మరిచిపోయింది. ఒకటి దొరగ్గానే ఆగిపొమ్మనే 'బ్రేక్'ని లూప్‌లోంచి తీసేసి, సరిపోయినవన్నీ పోగేయించి, దేనికీ సరిపోని ముక్క మిగిలితే తనకే చూపించమంది. పాత మెసేజ్‌లన్నిటినీ మళ్లీ నడిపించింది.

"ఐసు లోడయింది. నీ జొరం తగ్గిందా?" "ఐసు దింపేశాను. వానలో తడవకు." అన్నీ గిరిబాబు పెట్టినవే. అన్నిటికీ స్క్రిప్టు ధన్యవాదాలే చెప్పింది.

శైలజకి తన మీద తనకే ఒళ్లు మండింది. మెసేజ్ పెడితే మళ్లీ మిషనే అనుకుంటాడు. ఆటో ఎక్కి, "కోటబొమ్మాళి స్టేషన్‌కి, బేగి పోనీ!" అంది.

స్టేషన్‌లో వాన. గొడుగు కింద గిరిబాబు, వాళ్లమ్మ లక్ష్మణమ్మ. తడిసి ముద్దయి వాళ్లెదుట నిలబడింది శైలజ.

"ఐసు అందింది," అంది రొప్పుతూ. "జొరం ఎప్పుడో తగ్గిపోనాది. వానలో తడిసాను, తిట్టుకో. పెళ్లి నీతోనే సేసుకుంటాను. ఇంకేటైనా మిగిలిపోయిందా?"

గిరిబాబు చేతిలో టిక్కెట్లు మడిచి జేబులో పెట్టేసి నవ్వాడు. దూరంగా రైలు కూత వినిపించింది.

లక్ష్మణమ్మ గొడుగుని శైలజ మీదికి జరిపింది. "ఒరే, పిల్లే మనకి ఎదురొచ్చినాది. కొత్తవలసోళ్లకి నేను ఫోన్ సేసి సెప్తాను. పద ఇంటికి."