ఎర్రన్న పడవ బ్యాటరీ

తిత్లీ తుఫాను వెళ్ళిపోయాక బారువ పక్కనున్న ఆ జాలర్ల పల్లెలో కరెంటు స్తంభం ఒక్కటీ నిలబడి లేదు. సెల్ టవరూ పడుకుంది. కేబుల్ వాళ్ళు మాత్రం ఎలాగో తీగలు అతికించి, తమ గదిలో జనరేటర్ పెట్టుకున్నారు. ఇంట్లో వైఫై డబ్బాకి కాస్త కరెంటు ఇచ్చుకోగలిగిన వాళ్ళకి నెట్ వస్తోంది. అంత భాగ్యం ఊళ్ళో అనూరాధ ఒక్కదానికే ఉంది. వాళ్ళింట్లో ఇన్వర్టర్ ఉంది.

పక్కింట్లో ఉన్నది ఇంకెవరైనా అయితే ధనలక్ష్మికి అంత ఒళ్ళు మండేది కాదు. ధనలక్ష్మి మొగుడు గోపికి అనూరాధ సొంత మేనమామ కూతురు. ఒకప్పుడు ఇద్దరికీ పెళ్ళనుకున్నారు, ఎందుకో తప్పిపోయింది. ఇప్పుడు గోపి గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద పనిచేస్తున్నాడు. వేట నుంచి ఒడ్డుకి రాగానే ఇంటికి ఫోన్ చేస్తాడు. పెళ్ళాం దొరక్కపోతే ఎవరికి చేస్తాడు? మరదలికే. సాయంత్రం ఆ కిటికీలోంచి నవ్వు వినబడితే చాలు, ధనలక్ష్మికి ముద్ద దిగేది కాదు. ఆ నవ్వు తన మొగుడి మాటలకేనని తీర్మానించేసుకుంది. వెళ్ళి కాసేపు నెట్ ఇమ్మని అడగొచ్చు కదా అంటారేమో. అనూరాధని అడగడం కంటే నోరు కుట్టేసుకోవడం నయమనుకునే మనిషి ఆమె.

పడవలో దీపాలకి వాడే బ్యాటరీ తమ ఇంట్లో ఉన్న వైఫై డబ్బాకి సరిపోతుందని ఆమెకి తెలుసు. కానీ వాళ్ళ పడవ తునకలైపోయింది. ఒడ్డున గీత కూడా పడకుండా ఉన్నది ఎర్రన్న పడవ ఒక్కటే. వేటకెళ్ళిన ఎర్రన్న తిరిగి రాలేదు, పడవ మాత్రం తనంతట తానే వచ్చి ఇసుకలో ఆగింది. అలా వచ్చిన పడవలోంచి, పోయినవాడి పెద్దకర్మ అయ్యేదాకా ఆ పల్లెలో ఎవరూ పుల్ల కూడా తీసుకోరు.

కోడలి చూపు అటు పోవడం అత్త తవిటమ్మ కనిపెట్టింది. "అది సముద్రం ఎంగిలే. ఇంట్లోకి తేకు" అంది.

ధనలక్ష్మి వినలేదు. మునిమాపు వేళ బ్యాటరీని చీర చెంగులో చుట్టి తెచ్చింది. దానికి ఉప్పు పేరుకుని ఉంది, కుళ్ళిన నాచు కంపు కొడుతోంది. తీగలు కలిపింది. డబ్బా మీద పచ్చలైట్లు వెలిగాయి.

ఫోన్‌లో గోపి ముఖం కనబడగానే ఏడుపొచ్చేసింది. అతనూ కళ్ళు తుడుచుకున్నాడు. మాటలయ్యాక, బ్యాటరీ రేపటికి కూడా ఉండాలని తీగలు పీకేసి పడుకుంది. ఇంట్లో నాచు కంపు మాత్రం పోలేదు.

మర్నాడు పొద్దు వాలాక మళ్ళీ తీగలు కలిపి ఫోన్ చేసింది. గోపి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రాతిరంతా మాటాడేవు, ఇంకా ఆశ తీరలేదేటే?" అన్నాడు మురిపెంగా.

"నేను... మాటాడలేదు మావా."

"సాల్లే. నువ్వంత నవ్వగలవని నాకిన్నాళ్ళూ తెల్దు."

ధనలక్ష్మికి వెంటనే తట్టింది. అనూరాధే! చీకట్లో కూర్చుని, అచ్చం తనలాగే గొంతు పెట్టి మాట్లాడి ఉంటుంది. ఫోన్ పెట్టేసి, తీగలు పీకి, పక్కింటికి పరిగెత్తింది.

అనూరాధ గడప మీద విసనకర్రతో కూర్చుని ఉంది. ఇల్లంతా చీకటి. ఇన్వర్టర్ నిన్న పొద్దున్నే చచ్చిపోయిందట. "మీకు నెట్ ఒస్తందట కదా, అక్కా. మా అమ్మకో ఫోన్ సేసుకోనిస్తావా?" అని బతిమాలింది.

మరి రాత్రి మాట్లాడిందెవరు...?

ధనలక్ష్మి ఇంట్లోకి వెళ్ళి, బ్యాటరీ ఎత్తుకుని ఒడ్డుకి పోయి, ఎర్రన్న పడవలో పడేసింది. అప్పుడుగానీ ఊపిరి తిరగలేదు. వెనక్కి నడిచింది.

ఇల్లు దగ్గరపడుతుండగా... లోపలి గదిలోంచి నవ్వు.

అది అనూరాధ నవ్వు కాదు. తనదే. తనకెప్పుడూ రానంత తియ్యగా ఉంది. వెంటనే గోపి గొంతు... "ఇంకోపాలి నవ్వే, ధనం."

ఆమె ఫోన్ ఆమె చేతిలోనే ఉంది.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో కూడా ముందు వచ్చింది భయం కాదు, కుళ్ళు. తనతో మాట్లాడేటప్పుడు గోపి గొంతు అంత మెత్తగా ఎప్పుడుంది? దాని జుట్టు పట్టుకుని ఈడ్చుకొద్దామని అరుగెక్కింది. తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది.

"అత్తా, లెగు. లోపల ఎవులో..."

తవిటమ్మ దీపం ఎత్తి ఆమె ముఖాన్ని చాలాసేపు చూసింది. దారి ఇవ్వలేదు. తల లోపలికి తిప్పి పిలిచింది.

"ధనం... ఎవులో ఆడమనిసి ఒచ్చిందే. నీకు తెల్సినదేటో సూడు."

లోపల నవ్వు ఆగింది.