మా నాయన వెతికిన ఆర్టికల్

ఆ రోజు తిరువళ్ళూరు ఆఫీసులో అడుగుపెట్టేసరికి నాలో తడవకుండా మిగిలింది కోపం ఒక్కటే.

మా కంపెనీ సెల్‌ఫోన్‌తో పొలం మోటారును ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్లు తయారుచేస్తుంది. నేను సర్వీసు టెక్నీషియన్ని, పేరు కోదండరామ. పళ్ళిపట్టు దగ్గర ఒక రైతు మోటారు ఆగిపోయిందని ఫోన్ చేస్తే, వానలో బైకు మీద వెళ్ళి, స్టార్టర్ మీద పచ్చ బటన్ పది సెకన్లు నొక్కాను. మోటారు తిరిగింది. ఆ పది సెకన్లకు సగం రోజు పోయింది.

"వెబ్‌సైట్‌లో హెల్ప్ ఆర్టికల్స్ రాసే మేడం ఎవరు?" అని గట్టిగా అడిగాను.

కిటికీ పక్క సీటులో ఒకమ్మాయి తలెత్తింది. "నేనే. అర్చన. ముందు ఆ నీళ్ళు నా కీబోర్డు మీద పడకుండా దూరంగా నిలబడండి."

కళ్ళద్దాల వెనక ఆ చూపు నా కోపాన్ని కొంచెం తడిపింది. అయినా తగ్గలేదు.

"పచ్చ బటన్ నొక్కమనే ముక్క మీ వెబ్‌సైట్‌లో యాడుంది?"

"నలభై రెండో ఆర్టికల్లో. వెతికితే దొరుకుతుంది."

"వెతకండి, చూద్దాం."

ఆమె చకచకా ‘ఫేజ్ అసమతుల్యత రక్షణ విధానం’ అని కొట్టింది. ఆర్టికల్ వచ్చింది. నా వైపు గర్వంగా చూసింది.

"అట్ల ఏ రైతు అడుగుతాడండీ? ‘ఎర్ర లైటు వెలగతా ఉండాది’ అని కొట్టండి."

కొట్టింది. తెర మీద ‘ఫలితాలు లేవు’ అని వచ్చింది. ‘మోటారు తిరగలేదు’ అని కొట్టింది. మళ్ళీ అదే.

గెలిచింది నేను. కానీ ఆమె ముఖం చూశాక, ఓడిపోయినా బాగుండేదనిపించింది.

మేనేజర్ శశికుమార్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "ఇదే నేను చెప్తా ఉండేది అర్చనా. పేజీలో జవాబు దొరక్క రైతులు రోజుకు అరవై కాల్స్ చేస్తుండారు. నెలాఖరుకు సగం కాకపోతే హెల్ప్ పేజీ మూసేస్తాం. నీకు కోయంబత్తూరు ట్రాన్స్‌ఫర్."

"నూట పన్నెండు ఆర్టికల్స్ సార్! తెలుగులో, తమిళంలో, రెండేళ్ళు కూర్చుని రాసినాను."

"బాగానే రాసినావు. దొరకాల కదా!"

ఆయన వెళ్ళిపోయాడు. నేనూ హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోవాల్సింది. కానీ "రైతులు ఏమని అడుగుతారో నేను రాసిస్తా" అని నా నోరు నన్నడక్కుండా మాటిచ్చేసింది.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని, "ముందు తల తుడుచుకోండి" అంటూ టవలు అందించింది.

ఆ తర్వాత ప్రతి మోటారు షెడ్డులోనూ రైతు అన్న మాట అన్నట్టుగా నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆమెది తిరుత్తణి, నాది పళ్ళిపట్టు. నేను బైకు తిరుత్తణి స్టేషన్లో పెట్టేసి ట్రైన్లో ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. సాయంత్రాలు ఇద్దరం ఒకే లోకల్ ట్రైన్లో తిరిగి వచ్చేవాళ్ళం. నేను చదువుతుంటే ఆమె ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని మార్చేది. ‘డ్రై రన్ సంరక్షణ’ కాస్తా ‘బోరులో నీళ్ళున్నా మోటారు ఆగిపోతోందా?’ అయింది. ఒకే సంగతి చెప్పే మూడు ఆర్టికల్స్ కలిసి ఒకటయ్యాయి. జవాబు ఆఖరి పేరాలోంచి మొదటి వాక్యంలోకి వచ్చింది.

కాల్స్ నలభై ఐదుకు తగ్గి, అక్కడే ఆగిపోయాయి. రోజూ పొద్దున ఆమె ‘ఫలితాలు లేవు’ లిస్టు తీసేది. జనం ఏం అడిగితే జవాబు దొరకలేదో ఆ లిస్టులో ఉంటుంది. ఒక సాయంత్రం అది నా ముందు పెట్టింది.

"చూడండి. ‘సివప్పు లైట్ ఎరియిదు’ అంట, ఇంగ్లీషు అక్షరాల్లో. మీరు తెచ్చిందంతా తెలుగు కదా! ఎవరు వీళ్ళు?"

"మనోళ్ళే. ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళ బడిలో చదివినోళ్ళు. ఎర్ర లైటు వెలగతా ఉండాదని అడుగుతుండారు. నోట్లో తెలుగు, ఫోన్‌లో తమిళం, అక్షరాలు ఇంగ్లీషువి."

"మీరు కూడానా?"

"నేను పెట్టిన మెసేజీలు చూడండి."

ఫోన్ తీసి చూసి పకపకా నవ్వింది. "నిజమే. రెండు వారాలుగా రోజూ మధ్యాహ్నం ‘సాప్టాచ్చా?’ అని పెడుతుండారు. నేను అన్నం తింటే ఏమి, తినకపోతే ఏమి? ఇది కూడా సర్వీసు కిందికే వస్తుందా?"

నేను కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నటించాను. బయట వాన లేదు.

ఆ వారమంతా ప్రతి ఆర్టికల్‌కూ ఆ మాటలు చేర్చింది. "ఇప్పుడు నిజమైన రైతు ఒకరు వెతికి చూడాల" అంది. మా నాయన చెంగల్వరాయుడి కంటే నిజమైన రైతు నాకు తెలియదు. ఫోన్‌లో పేజీ తెరిచిచ్చి, "నాయనా, ఏ డౌటొచ్చినా ఈ పెట్టెలో అడుగు. నన్ను అడగొద్దు" అని చెప్పాను.

నెలాఖరు మధ్యాహ్నం అర్చన ఫోన్ చేసింది. "వెంటనే రాండి" అని పెట్టేసింది.

చేతిలో పని వదిలేసి వెళ్ళాను. శశికుమార్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఇరవై ఏడు కాల్స్! పేజీ ఉంటాది, అర్చనా ఉంటాది."

అర్చన మాత్రం నవ్వలేదు. ఆయన వెళ్ళాక లాప్‌టాప్ నా వైపు తిప్పింది. ‘ఫలితాలు లేవు’ లిస్టులో మూడే వరసలు ఉన్నాయి. తమిళంలో, ఇంగ్లీషు అక్షరాల్లో. అర్చన అనే పిల్లకు పెళ్ళయిందా అని మొదటిది. అర్చన నాయన పేరేమని రెండోది. మూడోది ప్రశ్న కూడా కాదు, మా కోదండం మంచి పిల్లోడు అని. ప్రతిదాని చివరా, ఉత్తరం రాసినట్టు, ‘ఇట్లు చెంగల్వరాయుడు, పళ్ళిపట్టు’ అని సంతకం.

"మీ నాయనతో మీరే రాయించినారా? ఇది ఆటగా ఉండాదా మీకు?" అని నిలదీసింది.

"దేవుడి తోడు, లేదండీ! ఏ డౌటొచ్చినా అందులో అడగమన్నా. మోటారు డౌట్లే అడుగుతాడనుకున్నా."

"ఆయనకు నా పేరెట్ల తెలుసు?"

అక్కడ దొరికిపోయాను. ఇక దాచి లాభం లేదు.

"రోజూ అన్నం ముందర కూర్చుంటే మీ సంగతే చెప్తా ఉంటా. మీరు కోయంబత్తూరు పోతారేమోనని ఈ నెలంతా భయపడి చచ్చినా. మీరంటే నాకు చానా ఇష్టం అర్చనా."

ఆమె లాప్‌టాప్ మూసేసింది. కిటికీ వైపు తిరిగింది. బయట ఈసారి నిజంగానే వాన పడుతోంది.

"జవాబు దొరకని ప్రశ్నను నేను ఊరికే వదలను. నాకు పనుంది. మీరు ట్రైన్ ఎక్కండి" అంది.

ఒంటరిగా ఎక్కాను. ఆ మాటకు అర్థమేమిటో తిరుత్తణి వచ్చేదాకా ఆలోచించినా తెలియలేదు. బైకు తీస్తుంటే నాయన ఫోన్ చేశాడు.

"రేయ్ కోదండం, దొరికింది రా! పొద్దున్నుంచి కొడతానే ఉండా. ఇప్పుడు అన్నిటికంటే పైనే వచ్చినాది."

"ఏమొచ్చింది నాయనా?"

తమిళంలో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ చదివాడు. "‘అర్చనకు పెళ్ళయిందా? ఇంకా కాలేదు. వాళ్ళ నాయన పేరు సుబ్రహ్మణ్యం. ఆదివారం పొద్దున తిరుత్తణి ఇంట్లోనే ఉంటారు. కోదండం మంచి పిల్లోడని అర్చనకూ తెలుసు. వచ్చేటప్పుడు వెంట పిలుచుకుని రావాల.’ అంతే రాసుండాది."

తీసిన బైకుకు మళ్ళీ స్టాండు వేశాను. నాయన ఆగలేదు.

"కింద ‘ఈ ఆర్టికల్ మీకు ఉపయోగపడిందా?’ అని అడిగినాది. అవునని నొక్కినా. ఇంకో నాలుగుసార్లు నొక్కుదామంటే ఒకసారే ఒప్పుకుంటుండాది, ఎందుకురా?"

జవాబు చెప్పేలోపు నా ఫోన్‌లో అర్చన మెసేజ్ మెరిసింది. ‘సార్ చూసేలోపల ఆ ఆర్టికల్ తీసేస్తుండా. సాప్టాచ్చా?’