గాలం గుర్తున్న ‘ని’

...అయినా ఫోన్‌లో శ్రుతి చూపే ముల్లు ఎర్ర గీత మీద నిలబడితే ఏ రిపేరువాడైనా ఏం చేస్తాడు? ఆకుపచ్చలోకి వచ్చేదాకా హార్మోనియం రీడ్‌ను, ఆ ఇత్తడి నాలుకను, గీకుతాడు. నేనూ అదే చేశాను, అనుకున్నాడు తారిఖ్. కానీ పెట్టె తెచ్చిన ఆమె తిత్తి ఒక్కటే చూడమంది, గాలి పోతోందని. అడగని రీడ్లు కూడా సరిచేసి ఇస్తే ఆమె ఇంకో నిమిషం తన వైపు చూస్తుందని ఆశపడింది ఎవరు?

వన్‌టౌన్‌లో తండ్రి అబ్దుల్ హమీద్ పెట్టిన హార్మోనియం షాపు అది. ఆమె అనూరాధ. జాలారిపేట అమ్మాయి, సంగీతం మీద రీసెర్చ్ చేస్తోంది. ఆమె మరిచిపోయిన నోట్‌బుక్ పొద్దున్నే పెట్టె మూతలో దొరికింది. హార్మోనియం మెట్ల మధ్య ఇమడని స్వరాల దూరాలకు ఆమె పేర్లు పెడుతోంది. ఒక్కో పేజీకి ఒక లెక్క, ఒక గుర్తు, ఒక పేరు.

మొదటి పేజీ: ‘7:4. స నాలుగుసార్లు కంపించేలోపు ఇది ఏడుసార్లు. మామూలు ని కంటే కాస్త కిందికి. గుర్తు: ని కింద గాలం. పేరు: దాలయ్య, మా తాత పేరే. తాత వల లాగే పాటలోది. మా పెట్టెలో రీడ్ ఒక్కటే సాక్ష్యం. ఎవరూ ముట్టుకోకూడదు.’

తారిఖ్ చేతిలోని ఆకురాయి జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

“తిత్తి అయిపోనాదా?” గుమ్మంలో ఆమె. గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి.

“జిగురు ఆరలేదండీ. నాను... ని రీడ్ కూడా గీకీసాను.”

“ఏటీ?”

“యాప్‌లో ఎర్రగా సూపించింది. పాడైందనుకుని...”

“ఎర్రగా ఉంటే పాడైనట్టేటి? ఇప్పుడు మీ మొహం కూడా ఎర్రగానే ఉంది. గీకీమంటారా?”

నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వలేదు. స్టూలు మీద కూలబడింది.

“నాను పుట్టకముందు మా తాత పాడతంటే, మీ నాన్నగారు పక్కన కూకుని కుదిర్చిన సొరం అది.”

తారిఖ్ రీడ్‌ను వెలుగులోకి తిప్పాడు. తండ్రి చేతి ఏటవాలు గీతలు. వాటి మీద తన నిటారు గీతలు. నిన్న ఇవి కనబడలేదా, చూడదలచుకోలేదా?

“తాతగారిని మళ్లీ ఒక్కసారి పాడమంటే...”

“గొంతుకి ఆపరేషన్ అయిపోనాది. నాను రికార్డర్ కొనేలోపే.”

హార్బర్‌లో ఓడ సైరన్ మోగి ఆగింది. క్షమించమనడం తేలికే. ఆమె క్షమిస్తే తన ముఖంలో కనబడే సంతోషాన్ని దాచడమే కష్టం. ఇంత తప్పు చేసి ఇలాంటివి ఆలోచిస్తున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

“రీడ్ కొస గీకితే సొరం ఎక్కుతాది, మొదలు కాడ గీకితే దిగుతాది. దించగలను,” అన్నాడు. “కానీ ఎక్కువైతే రీడ్ విరుగుతాది. ఎక్కడ ఆగాలో ముందే తెలియాల.”

“ఏడు, నాలుగు. రాసాను గదా.”

“లెక్క సెవికి వినబడదండీ. ఆ ని మీకొచ్చా?”

“సిన్నప్పటి నుంచీ వింటన్నాను, రాదేటి? కానీ కింద స లేందే నిలబడదు.”

“పెట్టె విప్పి ఉంది. స ఎక్కడిది?”

ఆమె నోట్‌బుక్ చివరి పేజీ తీసి, ముఖం అటు తిప్పుకుని, అతని ముందుకు తోసింది.

‘11:8. గుర్తు: మ మీద రెండు చుక్కలు. దొరికిన చోటు: వన్‌టౌన్ షాపు గుమ్మం. టేబుల్ ఫ్యాన్ మోత స అయితే, రీడ్ గీకుతూ అతను తీసే కూనిరాగం. ఎవరైనా లోపలికొస్తే ఆపేస్తాడు. నాలుగుసార్లు బయటే నిలబడి విన్నాను. పేరు: అతన్నే అడగాలి.’

రక్తం చెవుల్లోకి ఎక్కింది. పదేళ్లుగా ఏ మనిషీ వినలేదనుకున్న గొంతు. దానికొక లెక్క ఉంది, రెండు చుక్కలున్నాయి.

“స నీ గొంతులోనే ఉంది గదా,” అంది అనూరాధ. మొదటిసారి ‘నీ’ అంది. “నువ్వు స పట్టు, దాని మీద ని నాను పాడతాను. ముందు విను. తర్వాత గీకుదువు.”

తారిఖ్ ఫోన్ బోర్లించాడు. ఇన్నాళ్లూ స పలికిన ఫ్యాన్ ఆపాడు. బయట వాన మాత్రం ఆగలేదు. ఆమె కళ్లలోకి చూస్తూనే గొంతు విప్పి, “స...” అన్నాడు.