కోర్సికా కొండల్లో, లిలువా వీధుల్లో

“చెప్పండి మేడమ్, ఇప్పుడు మీ ఎదురుగా ఏం కనిపిస్తోంది?”

“పంది,” అంది ఫోన్లో ఇంగ్లీషావిడ. “ఫౌంటెన్ దగ్గర ఎడమకి తిరగమని మీ కాగితంలో రాశారు. ఇక్కడ ఫౌంటెన్ లేదు. పంది ఉంది. పైగా నన్నే చూస్తోంది.”

తవిటమ్మ నవ్వు ఆపుకుని, ముందున్న మేప్ మీద వేలు జరుపుకుంటూ ఆవిణ్ణి మెల్లగా సరైన దారి ఎక్కించింది. ఫోన్ పెట్టేశాక నవ్వు పోయి కోపం వచ్చింది. వారంలో ఇలాంటిది ఇది నాలుగో ఫోను.

భవానీపూర్‌లో ఓ పాత భవనం మూడో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. మధ్యధరా సముద్రంలో కోర్సికా అని ఓ ద్వీపం. దీవి నిండా కొండలే. అక్కడ సైకిల్ తొక్కుతూ సెలవులు గడపాలని ఇంగ్లండు నుంచి జనం వస్తారు. వెంట గైడు ఉండడు. ఓ సైకిలూ, ఓ మేపూ, ఏ మలుపులో ఎటు తిరగాలో రాసిన కాగితాలూ ఇస్తారు. దారి తప్పితే ఫోన్ చెయ్యడానికి ఓ నంబరు ఇస్తారు. ఆ ఫోను కోల్‌కతాలో, లిలువా నుంచి లోకల్ రైల్లో వచ్చే తవిటమ్మ చెవిలో మోగుతుంది. రెండువేల ఎనిమిది జూలైలో సంగతి ఇది.

ఆ కాగితం పట్టుకుని ఆమె వెనక గదిలోకి వెళ్ళింది. మేపులు చూసి దారులు రాసే కుర్చీలో రెండు వారాల క్రితం చేరిన కొత్తబ్బాయి అటు తిరిగి సెల్‌ఫోన్లో మాట్లాడుతున్నాడు. మాట్లాడేది తెలుగే.

“ఈడ ఒకామె ఉందిరా, తబితా అంట. దినమంత ఫోన్ల మొత్తుకుంటది. గోడ అవతలికెల్లి ఇంజన్ కూత లెక్క వినొస్తది...”

“ఏటి?” అంది తవిటమ్మ.

అతని చేతిలో సెల్ జారి మేపుల మీద పడింది.

“మా నాన్న లిలువాలో రైలుపెట్టెలు బాగుచేస్తాడు. ఇంజన్ కూత ఎలగుంటాదో మాకు బాగా తెలుసు. ఇనిపించమంటావేటి?”

“మీరు... తెలుగా?”

“నా పేరు తవిటమ్మ. ఈ బెంగాలీవోళ్ళకి నోరు తిరగక తబితా చేసేసినారు.”

“నా పేరు కోదండం. మాది పరకాల, వరంగల్ జిల్లా...”

“పేరు అడగనేదు. ఫౌంటెన్ ఎక్కడ?”

కోదండం గబగబా మేప్ చూశాడు. “గిదిగో, మేప్‌ల ఉంది.”

“మేప్‌లో ఉంటే ఏటి లాభం? కొండ మీద ఉండాల. అక్కడ పంది ఉందట.”

“గాడ పంది ఉంటదని మేప్‌ల రాయలే మేడమ్,” అన్నాడతను, ఎంతో బాధగా.

తవిటమ్మ మొహం ముడుచుకునే బయటికొచ్చింది. తలుపు దాటాక మాత్రం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, నీళ్ళ కుండ దగ్గర నిలబడి నవ్వింది.

తర్వాత్తర్వాత అతను రాసిన ప్రతి కాగితమూ ముందు ఆమెకే చూపించడం మొదలుపెట్టాడు. ఆమె చదివేది, కొట్టేసేది, తిట్టేది. మధ్యాహ్నం డబ్బాలు కలిసి విప్పేవారు. “వచ్చినాను” అని ఆమె అంటే “వచ్చిన” అని అతను సరిదిద్దేవాడు. “సగం మాట మింగేస్తావేటి? ఆకలా?” అనేదామె.

ఓ రోజు ఓ ముసలాయన కొండెక్కుతూ మోకాళ్ళు పట్టేశాయని ఫోన్ చేశాడు. “గేరు తగ్గించండి సర్, ఊపిరి నిదానంగా తీసుకోండి,” అని తవిటమ్మ ఓపిగ్గా చెప్పింది. పక్కనే నిలబడి విన్నాడు కోదండం.

“ఎంత మంచిగ చెప్పినవ్! చిన్నప్పటి నుంచి తొక్కుతున్నవా?”

తవిటమ్మ మేప్ మడతపెట్టింది. చిన్నగా అంది. “నాకు సైకిల్ రాదు.”

“ఏందీ?”

“రాదంటే రాదు. చిన్నప్పుడు అడిగితే ఆడపిల్లకి ఎందుకంది మా అమ్మ. ఈ గేర్లూ బ్రేకులూ అన్నీ కాగితం చూసి నేర్చుకున్నవే.”

కోదండం పడీపడీ నవ్వాడు. తవిటమ్మ కళ్ళలో నీళ్ళు చూసి ఠక్కున ఆగిపోయాడు.

“అరెరె... నేనేమన్న ఆ కోర్సికా చూసిననా? సముద్రమే పోయినేడు మొదటిసారి చూసిన. ఇద్దరం ఒకటే. సైకిలన్న వస్తది నాకు. నేర్పుతా.”

“నాకేటి అక్కర్లేదు.”

“ఆదివారం పొద్దున్న వస్తా.”

“రావద్దన్నాను.”

“ఆరింటికా, ఆరున్నరకా?”

“...ఆరున్నరకి. రైల్వే గ్రౌండ్‌కి.”

తండ్రి పోలిరాజు ఆదివారం బజారుకి నడిచే వెళ్తాడు కాబట్టి ఆయన సైకిల్ ఇంట్లోనే ఉండేది. పాత మగవాళ్ళ సైకిలు, ఎత్తు ఎక్కువ. నేర్చుకుంటానంటే ఆయన సరేనన్నాడు. నేర్పేదెవరో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కోదండం తానుండే టికియాపారా నుంచి అద్దె సైకిల్ మీద వచ్చి, దాన్ని గోడకి ఆనించి, ఆమె సైకిల్ కేరియర్ పట్టుకుని వెనక పరుగెత్తేవాడు.

“ఒగ్గకు! ఒగ్గెయ్యకు!”

“విడువ. ముంగట చూడు. నన్ను చూస్తే పడ్తవ్.”

“నిన్నెవడు చూస్తన్నాడు?”

అన్నదే గానీ చూసింది. పడింది. మోచెయ్యి గీరుకుంది. అతను జేబురుమాలు వానలో తడిపి కట్టు కట్టాడు. ముడి వెయ్యడానికి అంతసేపు పడుతుందని తవిటమ్మ అనుకోలేదు. ఇంకాసేపు పట్టినా బాగుండునని మాత్రం అనుకుంది.

నాలుగు ఆదివారాలు గడిచేసరికి తొక్కడం వచ్చింది. దిగడం మాత్రం రాలేదు. ఆగాలంటే అరిచేది, అతనొచ్చి పట్టుకునేవాడు.

ఆగస్టు చివర్లో, ఓ సాయంత్రం అయిదున్నరకి ఫోన్ మోగింది.

“మా ఆయన కనిపించడం లేదు,” అంది ఓ పెద్దావిడ. పేరు హెలెన్. “చిన్న చర్చి దగ్గర ఆయన తన మేప్ చూసుకుని కుడికి వెళ్ళాడు. నేను కాగితం ప్రకారం ఎడమకి వచ్చాను. ఇక్కడ అడవి. పొగమంచు కమ్మేసింది. దారి సన్నగా అయిపోయింది.”

తవిటమ్మ చేత్తో సైగ చేస్తే కోదండం పరుగెత్తుకొచ్చాడు. మేప్ పరిచాడు. చూస్తూండగానే అతని మొహం పాలిపోయింది.

“కుడి అని రాయాలె,” అన్నాడు గొణుగుతూ. “ఎడమ అని రాసిన. తప్పు నాదే. ఆ బాట లోయలకి పోతది.”

తవిటమ్మ చెయ్యి చూపించి ఊరుకోమంది. ఆ కోపానికి అప్పుడు వేళ లేదు.

“హెలెన్ గారూ, సైకిల్ దిగండి. తొక్కద్దు. తడి దారిలో వాలుకి బ్రేకు పడదు, చక్రం జారుతుంది. నాకు తెలుసు, నేనూ పడ్డాను. వెనక్కి తిప్పి నడిపించుకుంటూ రండి. నేను మీతోనే ఉంటాను.”

రెండుసార్లు ఫోన్ తెగిపోయింది. రెండుసార్లూ తవిటమ్మే తిరిగి చేసింది. ఎదురుగా ఏ చెట్టుందో, వాగు ఏ పక్కనుందో ఆవిడ చెబుతుంటే కోదండం మేప్ మీద ఆమె ఎక్కడుందో వెతికి చూపించాడు. ఎడమా కుడీ చెప్పే ముందు ప్రతిసారీ మూడుసార్లు చూసుకున్నాడు. భయం పోవడానికి తవిటమ్మ ఆవిడ చేత మనవల కబుర్లు చెప్పించింది, వాళ్ళకి అల్లిన స్వెటర్లు ఏ రంగులో కూడా అడిగింది. గంటన్నర తర్వాత అటునుంచి ఓ మగ గొంతు వినిపించింది. ఆ వెంటనే హెలెన్ ఏడుపు. భర్త వెతుక్కుంటూ చర్చి దాకా తిరిగొచ్చాడు.

తవిటమ్మ ఫోన్ పెట్టి బల్ల మీద తలవాల్చింది.

మేనేజర్ మిత్రా బాబు జరిగిందంతా రాసిమ్మన్నాడు. మర్నాడు పొద్దున్న తెల్లకాగితం ముందు పెట్టుకుని తవిటమ్మ కోదండంతో అంది.

“ఆవిడే సరిగ్గా చదువుకోనేదని రాసేస్తాను. ఎవరికి తెలుస్తాది?”

“వద్దు. వచ్చే వారం ఇంకొకలు ఆ చర్చి కాడికి వస్తరు. నేను తప్పు రాసిన్నని రాయి.”

“నీ ఉద్యోగం పోద్ది!”

“పోతె పోనీ. తవిటమ్మా, ఆమెకేమన్న అయ్యుంటే?”

అతను గట్టిగా కూడా అనలేదు. అయినా తవిటమ్మ కలం కాగితం మీద ఆగింది. ఇతనితో ముసలిదాకా పోట్లాడుకుంటూ బతకొచ్చు అనిపించింది. అలా అనిపించిన మనిషి తప్పునే తన చేత్తో ఉన్నదున్నట్టు రాయాల్సి వచ్చింది.

శనివారంతో అతని ఉద్యోగం పోయింది. బల్ల సర్దుకుని, అందరికీ దండం పెట్టి, ఆమె ఫోన్లో ఉండగానే వెళ్ళిపోయాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని తవిటమ్మ ఏడ్చింది. “ఆఫీసులో ఒకతను తప్పు నాదేనని ఒప్పుకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ కాగితం నేనే రాసినాను,” అంది. తల్లి అమ్మన్నమ్మ మజ్జిగ వడ్డిస్తూ కూతుర్ని ఎగాదిగా చూసింది. పోలిరాజు అంతా విని చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం ఆరున్నరకి గ్రౌండ్‌లో ఎవరూ లేరు. ఏడయింది. వాన మొదలైంది. కోదండం సెల్ పలకలేదు.

తవిటమ్మ సైకిల్ గోడ దగ్గరికి తీసుకెళ్ళి, గోడ ఆసరాతో ఎక్కింది. గ్రౌండ్ గేటు దాటింది. రోడ్డెక్కింది.

గ్రౌండ్ వేరు, రోడ్డు వేరు. లారీలు, రిక్షాలు, గుంటల్లో నీళ్ళు. “సొరే జాన్ దాదా, సొరే జాన్!” అని తప్పుకోమని అరుస్తూ, బెల్లు వదలకుండా కొడుతూ వెళ్ళింది. ఆగితే మళ్ళీ ఎక్కలేనని ఎక్కడా ఆగలేదు. చున్నీ తడిసి వీపుకి అతుక్కుంది. మోకాళ్ళు మండుతున్నాయి. కొండలెక్కేవాళ్ళకి రోజూ చెప్పే మాటే తనకి తాను చెప్పుకుంది, ఊపిరి నిదానంగా తీసుకోమని.

టికియాపారాలో అతనుండే సందు మొదట్లో టీకొట్టుంది. కొట్టు ముందు బెంచీ మీద కోదండం, మూతి గ్లాసులో పెట్టుకుని.

“పట్టుకో!” అని కేకేసింది తవిటమ్మ. “ఆపడం రాదు!”

అతను గ్లాసు వదిలేసి అడ్డం దూకాడు. సైకిలూ, ఆమే, అతనూ కలిసి తడిసిన ఇసకగుట్టలో పడ్డారు.

“పిచ్చిదానివా! లిలువా కెల్లి తొక్కుకుంటొచ్చినవా?”

“ఫోన్ ఎందుకు ఆపేసినావు? నా మీద కోపమా, ఆ కాగితం రాసినానని?”

“కోపమా?” అతను తెల్లబోయాడు. “సిగ్గు. ఉద్యోగం లేనోణ్ణి, ఏ మొకం పెట్టుకుని రావాలె? బుధవారం ఊరికి పోతున్న. టికెట్ తీసిన.”

“దిగడం నేర్పకుండా ఎల్లిపోతావేటి?”

“నేర్పితే పొమ్మంటవా?”

తవిటమ్మ జుట్టులోంచి ఇసక దులుపుకుంది. “ఎన్నాళ్ళు పడద్ది నేర్పడానికి?”

కోదండం అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. వాన అతని కనుబొమల మీంచి కారుతోంది. “నీకా? తక్కువల తక్కువ యాభై ఏండ్లు.”

“అయితే టికెట్ కేన్సిల్ చేసెయ్,” అంది తవిటమ్మ.

అప్పుడు వెనక సైకిల్ బెల్లు మోగింది. తిరిగి చూస్తే పోలిరాజు. పక్కింటి కూర్మయ్య సైకిల్ మీద, నిలువెల్లా తడిసి.

“నాన్నా! నువ్వేటి ఇక్కడ?”

“బజారు కాడ నువ్వు రోడ్డెక్కడం సూసినాను. కూర్మయ్య సైకిల్ లాక్కొని ఎనకాలే వచ్చినాను.”

“ఇంత దూరమా? పిలవనేకపోయినావా?”

“ఎనక నుంచి పిలిస్తే తిరిగి సూస్తావు, పడతావు,” అన్నాడు పోలిరాజు. ఆయాసం తీరాక, ఇసకలో పడున్న తన సైకిల్ లేవనెత్తి సీటు నొక్కి చూసి అన్నాడు. “దీని ఎత్తు దించాల. ఇలగ తొక్కితే మోకాళ్ళు ఉండవు.”

కోదండం లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

“తప్పు నాదేనన్న బాబువి నువ్వేనా?”

“నేనే.”

“ఇప్పుడేటి సేస్తావు?”

“ఏం లేదు. కోల్‌కతల ఇంకో కొలువు వెతుక్కుంట. దొరుకుతదో లేదో తెల్వదు.”

పోలిరాజు కూతురి మొహం చూశాడు. ఆమె తల దించుకుంది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఆయన టీకొట్టువాడికి మూడు టీలు చెప్పి, బెంచీ మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. “కూకో. తాగినాక ఇంటికెల్దాం. మా ఆడది సేప కూర వండతంది. మాట్టాడాల్సింది మాట్టాడుకుందాం.”

“అట్లనే బాబాయ్,” అన్నాడు కోదండం వినయంగా.

పోలిరాజు గ్లాసు అందుకోబోతూ ఆగాడు. “బాబాయేటి బాబూ? నేను నీకు బాబాయినైతే ఈ గుంట నీకు సెల్లెలవుద్ది. సూసుకొని పిలు.”

టీకొట్టువాడికి తెలుగు రాదు. ఈ ముగ్గురూ వానలో ఎందుకలా పగలబడి నవ్వుతున్నారో అతనికి అర్థం కాలేదు.

“మామా,” అన్నాడు కోదండం.

“ఊఁ,” అన్నాడు పోలిరాజు, టీ ఊదుకుంటూ.